రెండు కిలోమీటర్ల దూరంలో నేహా

మా నాన్న సన్మానసభలో, నిండు హాల్లో, పెద్దలందరి ఎదుట మా అమ్మ లేచి నిలబడి లోకంలో లేని మనిషికి స్వాగతం చెప్పింది. ఆ ఘనకార్యం వెనక ఉన్నది నేనే. ఇప్పటికీ ఎవరైనా కనబడి "మంగా, మీ నాన్నగారి ఫంక్షను ఎంత బాగా జరిగిందమ్మా" అంటే నాకు వీపు మీద చెమట పడుతుంది. చూసినవాళ్లకేం, బాగానే జరిగింది. నా ప్రాణం ఎన్నిసార్లు పోయి వచ్చిందో ఇప్పుడు చెప్తాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా అమ్మ దగ్గర మాత్రం నవ్వకండి.

అప్పట్లో మేం భిలాయి సెక్టర్ 7లో, ప్లాంటు క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న పేరు అప్పలస్వామి. శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు నుంచి మీసాలు సరిగ్గా రాకముందే వచ్చి, బొగ్గును కాల్చి కోకు చేసే కోక్ ఓవెన్స్‌లో చేరాడు. ఆ వేడిలో నిలబడీ నిలబడీ మనిషి మాటలు కూడా ఆవిరైపోయాయేమో, ఇంట్లో రోజుకు నాలుగు ముక్కలు మాట్లాడితే పండగ. ఆ నాలుగు ముక్కల్లో ఒకటి మాత్రం షిఫ్టులో అందరికీ చెప్పేవాడట: "మా అమ్మాయి కంప్యూటర్ ఇంజినీరు." నిజానికి నేను చేస్తున్నది చిన్న డిప్లొమా. ఉత్తరం టైపు చేయడం, పట్టికకు రంగులు వేయడం, అంతవరకే నా ఇంజినీరింగు. నాన్న సంబరం చూసి దిద్దడానికి నాకు నోరు రాలేదు.

ఆ నోరు రాకపోవడమే కొంప ముంచింది. నాన్న రిటైరయ్యే నెల దగ్గరపడగానే తెలుగు సంఘం సెక్రటరీ కూర్మారావు గారు ఇంటికొచ్చి, సన్మానం చేస్తామనీ, నాన్న పాత ఫొటోలన్నీ పెద్ద తెర మీద పాటతో సహా వేయాలనీ అన్నారు. ఎవరు చేస్తారని నాన్న అడిగితే, ఇంజినీరు ఇంట్లోనే ఉండగా ఇంకెవరు చేస్తారని నావైపు తిరిగారు. నేను గొప్పగా తల ఊపాను. నా మెడ అప్పుడే ఎందుకు పట్టేయలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా నాన్న జన్మలో స్టేజీ ఎక్కలేదు. పిలిచినవాళ్లూ లేరు. ఆయన కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. రోజూ స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి "సభకు నమస్కారం" అనేవాడు. ఆ తర్వాత నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. మళ్లీ "సభకు నమస్కారం", మళ్లీ నీళ్లు. తలుపు ఇవతల నిలబడి వినేదాన్ని. ఆ ఒక్క పూట ఆయనకు మచ్చ లేకుండా గడవాలి, నాకు అంతకన్నా కోరిక లేదు.

మరి అంత కోరిక ఉన్నదాన్ని ఏం చేశాను? ఫొటోలను పాటతో కలిపే సాఫ్ట్‌వేరు కోసం వెతికి, "పూర్తిగా ఉచితం" అని కనబడ్డ మొదటిదాన్ని దింపాను. అది ఏదో అడిగితే "నెక్స్ట్" అన్నాను. ఇంకేదో అడిగితే ఒప్పుకుంటున్నాను అన్నాను. మా ఇల్లు రాసిమ్మని అడిగినా ఆ ఊపులో ఒప్పేసుకునేదాన్నే. సాయంత్రానికి కంప్యూటర్ నిండా యాడ్లు. బట్టతలకు నూనె, బొజ్జకు పొడి, లాటరీ తగిలిందని శుభాకాంక్షలు. ఒకటి మూస్తే రెండు తెరుచుకుంటున్నాయి. అంతలో తెర మూల నుంచి ఒక డబ్బా జారుకుంటూ పైకొచ్చింది. అందులో నవ్వుతున్న అమ్మాయి ముఖం, కింద హిందీలో రాత: "నేహా, భిలాయి. మీకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒంటరిగా ఉంది. మీతో మాట్లాడాలనుకుంటోంది."

అది ఏ రకం యాడో మీకు తెలుసు, నాకూ తెలుసు. తెలియనిది, అప్పుడే వెల్లుల్లి చేట పట్టుకుని నా వెనకాల వచ్చి నిలబడ్డ మా అమ్మకి. ఇన్నేళ్ల భిలాయి కాపురంలో ఆమెకు హిందీ చదవడం బాగానే పట్టుబడింది.

"ఎవులే ఆ పిల్ల?" అంది.

ఇది ఫలానా రకం యాడమ్మా అని అమ్మకి ఎలా చెప్పను? పక్క గదిలో నాన్న అన్నం తింటున్నాడు. సిగ్గుతో, భయంతో నోటికొచ్చింది అనేశాను. "మా కంప్యూటర్ క్లాసు పిల్లమ్మా. నేహా అని. ఇక్కడ తనకెవరూ లేరు."

"పాపం. ఎక్కడుంటాది?"

"కోహ్కాలో."

పక్క గదిలోంచి నాన్న ఆ రోజు నాలుగు ముక్కల్లో ఒకటి ఖర్చుపెట్టాడు. "కోహ్కా రెండు కిలోమీటర్లేటి? రైలు పట్టాలు దాటి ఎల్లాల గదా."

కంప్యూటర్ అడ్డదారిన లెక్కేస్తుంది నాన్నా అన్నాను. ఇంజినీరు మాట కదా, ఆయన నమ్మేశాడు.

ఇక్కడ మీకు మా వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు నుంచి ప్లాంటుకు వచ్చినవాళ్లంతా మొదట ఒంటరిగా వచ్చినవాళ్లే. ఊరు కొత్త, భాష కొత్త, వంట రాదు. అందుకని తెలుగు సంసారం ఉన్న ఏ క్వార్టర్లోనైనా ఆదివారం పూట ఎవరో ఒక కొత్త కుర్రాడు కంచం ముందు కూర్చుని ఉండేవాడు. పేరు తర్వాత, పప్పు ముందు. మా అమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ పద్ధతిలోనే బతికింది. ఒక మనిషి ఒంటరిగా ఉందని ఆమె చెవిన పడిందంటే, ఆ మనిషికి అన్నం పెట్టేదాకా ఆమెకు నిద్ర పట్టదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఆ అబద్ధం ఆడాను చూడండి, అదీ నా తెలివి.

మర్నాడు ఆ యాడ్లు వదిలించడానికి నేను పట్టిన మందు ఇంకో ఉచిత సాఫ్ట్‌వేరు. "మీ కంప్యూటర్‌ను శుభ్రం చేస్తాం" అని దాని మీద రాసుంది. నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నాడు. నేను నొక్కగానే తెరంతా ఎర్రబడిపోయింది. మీ మీద నిఘా ఉంది, మీ ఫైళ్లన్నీ పోతున్నాయి, కంప్యూటర్ ఆపితే మీదే బాధ్యత అని రాత. దాంతోపాటు సైరను. చిన్న సైరను కాదు, స్పీకర్లు వణికిపోయే సైరను. సౌండు తగ్గిద్దామని గుండ్రటి మర తిప్పాను, అది ఊడి నా చేతిలోకి వచ్చింది.

కోక్ ఓవెన్స్‌లో సైరను మోగితే ఒకటే అర్థం, గ్యాసు. నాన్న నిద్రలోనే లేచి, తువ్వాలు తడిపి ముక్కుకు కట్టి, ఇంకోటి అమ్మ ముక్కుకు కట్టి, నా జబ్బ పట్టుకుని లుంగీతోనే బయటికి లాక్కొచ్చాడు. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా వెళ్లాలని ప్లాంటులో నేర్పిస్తారు. ఆయన వేలు తడిపి పైకెత్తి చూసి, దారిలో ఉన్న తలుపులన్నీ బాదుకుంటూ మా బ్లాకు మొత్తాన్ని మైదానంలోకి తోలుకెళ్లాడు. పక్కింటి శర్మా ఆంటీ కుక్కరుతో సహా వచ్చేసింది. అది ఆవిడ చేతిలో ఒక విజిల్ కూడా వేసింది. అందరూ ముక్కులు మూసుకుని నిలబడి ఉంటే, నేను వెనక్కి పరిగెత్తి మెయిన్ స్విచ్ ఆపాను.

సైరను ఆగాక నాన్న మెల్లగా అడిగాడు. "గేసు ఎక్కడ్నుంచి?"

"కంప్యూటర్ లోంచి నాన్నా."

అందరూ నావైపు చూశారు. ఇంట్లోకెళ్లాక, కంప్యూటర్‌లో గూఢచారి సాఫ్ట్‌వేరు దూరిందనీ, అది మన మాటలు వింటుందనీ, మానిటరు మీదున్న కెమెరాలోంచి మనల్ని చూస్తుందనీ చెప్పాను. అందులో సగం నాకూ సరిగ్గా తెలియదు. చెప్తుంటే నాకే భయం పెరిగిపోయింది. నాన్న ముఖం పాలిపోయింది. గ్యాసు నుంచైతే పరిగెత్తొచ్చు, దీని నుంచి ఎక్కడికి పరిగెత్తుతాం? ఆయన ఆ రోజు నుంచి ఉన్న నాలుగు మాటలూ మానేసి, కూరలో ఉప్పు తక్కువైతే సైగ చేసేవాడు. నేను అమ్మ బొట్టుబిళ్లల అట్ట తెచ్చి ఒక పెద్ద మెరూన్ బిళ్ల కెమెరా కంటి మీద అతికించాను.

అమ్మ మాత్రం బెదరలేదు. శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది. "అయితే మనం ఇక్కడ మాటాడితే అవతలోల్లకి వినబడతాదా? మనిషి కనబడతాదా?"

అదే కదమ్మా ప్రమాదం అన్నాను. అమ్మ తల ఊపింది. భయపడిందని అనుకున్నాను. ఆ తల ఊపుడు అసలు అర్థం తెలిసుంటే నేను ఆ రాత్రే సీపీయూను శివనాథ్ నదిలో కలిపేసి వచ్చేదాన్ని.

క్లాసులో నా పక్కన సరోజిని అని ఒక అమ్మాయి కూర్చునేది. రాయగడ నుంచి వచ్చింది, నిజంగానే కోహ్కాలో అద్దె గదిలో ఉండేది. దానికి ఇవన్నీ బాగా తెలుసు. ఎవరో దూరపు చుట్టాల కంప్యూటర్ అని చెప్పి దాన్ని అడిగాను. అది ఓపిగ్గా చెప్పింది. మనం తెలిసి పెట్టుకోని ప్రోగ్రాములన్నీ తీసేయాలి, బ్రౌజరుకు అతుక్కున్న అదనపు ముక్కలు పీకేయాలి, ఏయే సైట్లకు మూలన డబ్బా చూపించే అనుమతి ఇచ్చామో చూసి అన్నీ రద్దు చేయాలి, అప్పుడు నమ్మకమైన యాంటీవైరస్‌తో మొత్తం వెతికించి, పాస్‌వర్డులు మార్చుకోవాలి. ఇంటికొచ్చి అక్షరం పొల్లుపోకుండా చేశాను. నూనె పోయింది, పొడి పోయింది, నేహా పోయింది. ఆ పూట నేను మనిషిలా అన్నం తిన్నాను.

మర్నాడు సాయంత్రం క్లాసు నుంచి వచ్చి కంప్యూటర్ పెడితే మూలన నేహా. రెండు కిలోమీటర్లు, ఒంటరితనం, అదే నవ్వు. తలెత్తి చూద్దును కదా, కెమెరా మీది బొట్టుబిళ్ల అక్కడ లేదు. పక్కకు జరిగి, మానిటరు అంచు మీద అతుక్కుని ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సాఫ్ట్‌వేరు చూస్తుందని విన్నాను, వింటుందని విన్నాను. బొట్టుబిళ్ల ఊడదీసే సాఫ్ట్‌వేరు గురించి ఏ క్లాసులోనూ చెప్పలేదు. మళ్లీ అన్నీ శుభ్రం చేసి, బిళ్ల మళ్లీ అతికించాను. మర్నాడు మళ్లీ నేహా, మళ్లీ బిళ్ల అంచు మీద. రోజూ ఇదే వరస. అది కంప్యూటర్ జబ్బు కాదు, ఆ అమ్మాయి ఎవరో నిజంగానే చచ్చిపోయి ఉంటుంది అనేదాకా వెళ్లింది నా ఇంజినీరింగు. కీబోర్డు కింద నిమ్మకాయ పెట్టాను. అమ్మ అది తీసి పులిహోర చేసింది.

ఇక లాభం లేదు, ఫొటోలు వద్దని చెప్పేద్దామని నాన్న గదిలోకి వెళ్లాను. ఆయన కొత్త చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకుంటున్నాడు. నన్ను చూసి సిగ్గుపడి, కంప్యూటర్ వినకుండా చాలా మెల్లగా అన్నాడు. "అమ్మా మంగా, ఊర్లో మా అక్కకి కూడా ఫోన్లో కనబడీలాగ సేస్తావా? నన్ను పెంచింది అదే గదా." దాని కోసం హాల్లో కంప్యూటర్‌కు ఇంటర్నెట్ కూడా పెట్టాలి. ఇంటర్నెట్ ఉంటే నేహా కూడా వస్తుంది. చేస్తాను నాన్నా అన్నాను. ఇంకేం అనగలను?

ఫంక్షను రోజు పొద్దున్నే లేచి మళ్లీ ఒకసారి మొత్తం శుభ్రం చేశాను. తెర అద్దంలా ఉంది. స్నానం చేసి, చీర కట్టుకుని వచ్చి, సీపీయూను దుప్పట్లో చంటిపిల్లలా చుట్టి ఆటో ఎక్కించాను. నేను చీర కుచ్చిళ్లతో కుస్తీ పడుతున్నంతసేపూ అమ్మ ఆ గదిలో ఒంటరిగా ఉందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

హాలు నిండిపోయింది. మొదటి ఫొటోలు బాగా నడిచాయి. నాన్న పెళ్లి ఫొటో రాగానే చప్పట్లు. ఫోన్లో అత్త అప్పటికే ఏడుస్తోంది. కూర్మారావు గారు నాన్నకు శాలువా కప్పి మాట్లాడమన్నారు. నాన్న మైకు ముందుకొచ్చాడు. వెనక తెర మీద, ఆయన భిలాయి వచ్చిన కొత్తలో రేకు ట్రంకు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఉంది.

"సభకు నమస్కారం" అన్నాడు.

తర్వాత ఏమీ లేదు. ఇక్కడ నీళ్ల చప్పుడు కూడా లేదు. ఆయన శాలువా అంచు సర్దుకున్నాడు, మళ్లీ సర్దుకున్నాడు. చెప్పు నాన్నా, ఒక్క మాటైనా చెప్పు అని నేను లోపల్లోపల బతిమాలుతున్నాను. సరిగ్గా అప్పుడు, తెర మూల నుంచి, గుమ్మమంత ముఖంతో నేహా పైకి లేచింది. ఒంటరిగా ఉంది. మీతో మాట్లాడాలనుకుంటోంది.

వెనక వరస కుర్రాళ్లు జేబురుమాళ్లు నోట్లో కుక్కుకున్నారు. కూర్మారావు గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. నా చేతికి మౌస్ దొరకలేదు, దొరికినా వేలు కదల్లేదు. నాన్న పరువు నా చేతులారా తీశాననుకుని కళ్లు మూసుకున్నాను. అప్పుడు ముందు వరసలోంచి మా అమ్మ గొంతు వినబడింది.

"వొచ్చీసావా అమ్మా? పొద్దున్న పిలిస్తే రావనుకున్నాను."

అమ్మ లేచి నిలబడి, తెరకేసి చూస్తూ మాట్లాడుతోంది. కూర్మారావు గారు ఎవరమ్మా ఆ అమ్మాయి అని అడిగితే, అమ్మ హాలంతటికీ వినబడేలా చెప్పింది. మా మంగ క్లాసు పిల్లట. పాపం ఒక్కత్తీ ఉంటుందట. రోజూ మధ్యాహ్నం మేం లేనప్పుడు తనే కంప్యూటర్ పెట్టి, ఆ పిల్ల రాకపోతే అది ఏది అడిగితే దానికి సరేనని నొక్కి రప్పించి, తన మొహం కనబడాలని కెమెరా మీది బొట్టుబిళ్ల తీసి, భోజనానికి రమ్మని పిలుస్తోందట. "మాటాడదు. సిగ్గు. నవ్వుతాది అంతే" అంది.

నాకు అప్పుడు అంతా తెలిసిపోయింది. నేను ఊడ్చిన చోటల్లా మా అమ్మ రోజూ ముగ్గేసి ఆహ్వానిస్తోంది. ఈ భూమి నన్ను మింగితే బాగుండుననుకున్నాను. హాల్లో గుసగుస మొదలైంది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఎవడో ఒకడు నిజం చెప్పేసేవాడే. కానీ మైకులో నాన్న గొంతు వచ్చింది.

"నాను కూడా ఇలాగే వొచ్చినాను" అన్నాడు. వెనక తెర మీద ట్రంకుతో తనూ, పక్కన నేహా. "భాష రాదు. స్టేషన్లో దిగితే ఎటెల్లాలో తెల్దు. తిరిగీ తిరిగీ ఈ సెక్టర్లోనే ఒక ఇంటికాడ తెలుగు మాట వినబడితే తలుపు కొట్టినాను. ఆ ఇంటావిడ నా పేరడగలేదు. కాళ్లు కడుక్కోమన్నాది. ఆ పూట కూడు తింటూ ఏడ్సీసినాను. ఓవెన్ల కాడ ఇన్నేళ్లు నిలబడ్డానంటే ఆ ముద్ద వల్లే. ఆ పిల్లెవులో నాకు తెల్దు. మా ఇంటిది పిలస్తన్నాది. మీరూ పిలవండి."

మా నాన్న అన్ని మాటలు ఒక్కసారి అనగా నేనెప్పుడూ వినలేదు. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. జేబురుమాళ్లు నమిలిన కుర్రాళ్లు కూడా కొట్టారు. నేను ఏడుస్తూనే వణుకుతున్నాను, ఎందుకంటే ఆడవాళ్లందరూ నేహా అడ్రసు కోసం నా చుట్టూ మూగారు. ఒకావిడ గోంగూర పచ్చడి పంపుతానంది. వచ్చే ఆదివారం ఆ అమ్మాయిని మా ఇంట్లో అందరూ చూడాలని కూర్మారావు గారు మైకులోనే ప్రకటించేశారు.

ఆదివారంలోపు ఒక నేహాను పుట్టించాలి. సరోజిని గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. అది నవ్వీ నవ్వీ కింద కూర్చుండిపోయింది. నవ్వు ఆగాక, మీ అమ్మ ఏం వండుతుంది అని అడిగింది. ఏం కావాలి అన్నాను. ఏదైనా సరే, ఈ ఊరొచ్చాక నన్నెవరూ ఇంటికి పిలవలేదు అంది. రోజూ దాని పక్కన కూర్చునేదాన్ని నేను. ఒక్కనాడు కూడా తిన్నావా అని అడగలేదు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆదివారం సరోజిని నేహాగా వచ్చింది. మజ్జిగ పులుసు, వంకాయ కూర, సంఘం ఆడవాళ్లు తెచ్చిన పచ్చళ్లు, అన్నీ వరసగా తింది. అమ్మ కొసరి కొసరి వడ్డించింది. ఫొటోలో కన్నా చిక్కిపోయిందని అందరూ జాలిపడ్డారు. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. అందరూ వెళ్లాక అమ్మ గిన్నెలు సర్దుతూ నన్ను పిలిచింది.

"ఈ పిల్ల మంచిదే. రోజూ రమ్మను. మరి ఆ నేహా ఎప్పుడొస్తాది?"

ఇంక నాకు అబద్ధం ఆడే ఓపిక లేదు. యాడ్ సంగతి, నా సిగ్గు సంగతి, అన్నీ చెప్పేశాను. అమ్మ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ గిన్నె పక్కన పెట్టి, "అయితే ఆ పిల్ల లేనే లేదేటి? ఇన్నాల్లూ నాను ఎవులితో మాటాడినట్టే?" అంది. అంత దిగులుగా ఉన్న అమ్మ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

గుమ్మంలో నిలబడ్డ నాన్న, అలవాటు ప్రకారం కంప్యూటర్‌కు వినబడకుండా మెల్లగా అన్నాడు. "లేకేటి? ఇప్పుడే గదా తినీసి ఎల్లింది."

కాబట్టి, మా అమ్మ మెరూన్ బొట్టుబిళ్ల మీద ఒట్టేసి చెప్తున్నాను. ఉచితం అన్నదాన్ని ముట్టుకోను, చదవకుండా దేనికీ ఒప్పుకోను, ప్రాణం పోయినా సరే యాడ్‌ను స్నేహితురాలని చెప్పను. మీరూ చెప్పకండి. చెప్పారో, ఆమె వస్తుంది. ఆదివారం ఆదివారం వస్తుంది. మా ఇంట్లో ఇప్పటికీ వస్తూనే ఉంది, వంకాయ కూర అడిగి మరీ వండించుకుంటుంది. ఆ పిల్ల అసలు పేరు సరోజిని అని మా అమ్మకు నేనెన్నిసార్లు చెప్పినా, గుమ్మంలో చెప్పుల చప్పుడు వినబడితే చాలు, "నేహా వొచ్చినాది, కంచం పెట్టు" అంటుంది.